పాకం ముదిరేలోగా: పిప్పి నుంచి, టెంక నుంచి రసాయనాలు తీసే ఘన ఉత్ప్రేరకాల కథ

చెరకు రసం కాగుతున్నప్పుడు పెనంలో కాస్త సున్నపు తేట పోస్తారు. ఎందుకని చిత్తూరు చుట్టుపక్కల ఏ గానుగ దగ్గర అడిగినా "లేకుంటే బెల్లం గట్టిపడదు" అంటారు. అది నిజమే. చెరకు రసంలో సహజంగానే కొంచెం పులుపు ఉంటుంది. ఆ పులుపుకి పొయ్యి వేడి తోడైతే రసంలోని చక్కెర అణువు రెండుగా విరుగుతుంది. ఒక ముక్క గ్లూకోజ్, ఇంకో ముక్క ఫ్రక్టోజ్. ఇవి ఎక్కువైతే పాకం అచ్చులో నిలవదు. జిగటగా సాగుతుంది, వానలు మొదలయ్యేసరికి కారిపోతుంది. సున్నం ఆ పులుపును చంపేస్తుంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. చక్కెరను విరగ్గొట్టిన ఆమ్లం తాను మాత్రం ఖర్చు కాదు. ఒక అణువును విరిచి పక్కదాని దగ్గరికి పోతుంది, దాన్నీ విరిచి ఇంకోదాని దగ్గరికి పోతుంది. అందుకే కొద్దిపాటి పులుపు పెనమంతా పాడు చేయగలదు. తాను తరిగిపోకుండా చర్యను వేగంగా నడిపించే ఇలాంటి పదార్థాన్నే ఉత్ప్రేరకం అంటారు. ఈ గుణానికి 1835లో పేరు పెట్టినవాడు స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్.

బెల్లం వండేవాళ్లకు ఈ చర్య శత్రువు. గడ్డి నుంచి, పిప్పి నుంచి రసాయనాలు తీయాలనుకునేవాళ్లకు మాత్రం మొదటి మెట్టు ఇదే. ఇప్పుడు ముడి చమురు నుంచి వస్తున్న పాలిస్టర్ దారం, నీళ్ల బాటిళ్ల ప్లాస్టిక్, జిగురులు, సాల్వెంట్లు కొంతైనా మొక్కల నుంచి రావాలంటే మొక్కలోని పెద్ద అణువులను విరవాలి. విరవడం అంత కష్టం కాదు, మంట పెట్టినా విరుగుతాయి. కావలసిన చోట ఆపడమే కష్టం. ఘన ఉత్ప్రేరకాల మీద జరిగిన పనిలో ఎక్కువ భాగం ఈ ఆపడం కోసమే జరిగిందని నా అభిప్రాయం.

అన్నం ఒకటీ గడ్డి ఒకటీ కాదు

బియ్యంలో ఉన్నది గ్లూకోజ్ గొలుసు. వరిగడ్డిలో ఎక్కువగా ఉన్నదీ గ్లూకోజ్ గొలుసే. మొదటిదాన్ని పిండిపదార్థం అంటాం, రెండోదాన్ని సెల్యులోజ్ అంటాం. గొలుసులో ఒక కొక్కెం ఎటు తిరిగిందన్న దగ్గరే తేడా అంతా. పిండి గొలుసు మెలికలు తిరిగి వదులుగా ఉంటుంది, నోట్లో ఉమ్మి తగిలితే చాలు విరగడం మొదలవుతుంది. అన్నం ఎక్కువసేపు నమిలితే తియ్యగా అనిపించేది అందుకే. సెల్యులోజ్ గొలుసులు నిటారుగా ఉంటాయి. కట్టెలమోపులా ఒకదాని పక్కన ఒకటి చేరి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆవు కూడా సొంతంగా దాన్ని అరిగించుకోలేదు. ఆవు పొట్టలో కాపురముండే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి.

ఎండిన చెక్కలో గానీ చెరకు పిప్పిలో గానీ సుమారు 40 నుంచి 50 శాతం సెల్యులోజ్ ఉంటుంది. 20 నుంచి 30 శాతం హెమిసెల్యులోజ్. ఇందులో ఎక్కువగా ఐదు కార్బన్ల చక్కెరలు, ముఖ్యంగా జైలోజ్. మిగిలిన దాంట్లో పెద్ద వాటా లిగ్నిన్‌ది. అది చక్కెర కాదు. ఇటుకల మధ్య సిమెంటులా అన్నిటినీ పట్టి ఉంచే గట్టి పదార్థం.

ఈ మూడింటిలో తేలిగ్గా లొంగేది హెమిసెల్యులోజ్. ఆమ్లంతో వేడిచేస్తే జైలోజ్ నుంచి మూడు నీటి అణువులు ఊడిపోయి ఫర్ఫ్యూరల్ అనే ద్రవం వస్తుంది. దీన్ని కనిపెట్టింది జర్మనీకి చెందిన డోబరైనర్, 1821లో. అమెరికాలో క్వేకర్ ఓట్స్ కంపెనీ తన దగ్గర గుట్టలుగా పడి ఉన్న ఓట్స్ పొట్టును ఏం చేయాలో తెలియక, 1922లో దాన్నుంచి ఫర్ఫ్యూరల్ తీయడం మొదలుపెట్టింది. అంటే "వ్యవసాయ వ్యర్థాల నుంచి రసాయనాలు" అనే మాటకు నూరేళ్లు దాటాయి. డోబరైనర్ గురించి ఇంకో సంగతి చెప్పాలి. 1823లో ఆయనే ప్లాటినం మీదికి హైడ్రోజన్ వాయువును ఊది, అగ్గిపుల్ల లేకుండా మంట వెలిగించే దీపం తయారుచేశాడు. ప్లాటినం ఘన ఉత్ప్రేరకం, ఫర్ఫ్యూరల్ మొక్క రసాయనం. రెండూ ఒకే మనిషి బల్ల మీద కనబడి, మళ్లీ కలవడానికి ఎన్నో దశాబ్దాలు పట్టింది.

కూరలో కరివేపాకు

క్వేకర్ ఓట్స్ వాడింది గంధకికామ్లం. చవక, బాగా పనిచేస్తుంది. ఇబ్బంది ఏమిటంటే అది నీళ్లలో కలిసిపోతుంది. కూరలో ఉప్పు ఎక్కువైతే తీయగలమా? ఇదీ అంతే. పని అయ్యాక ఆ ఆమ్లాన్ని సున్నంతో చంపాలి, అప్పుడు జిప్సం గుట్ట మిగులుతుంది. పైగా ఆమ్లం స్టీలు పాత్రలను తినేస్తుంది. మళ్లీ వంటకి మళ్లీ కొత్త ఆమ్లం కొనాలి.

ఘన ఉత్ప్రేరకం కూరలో కరివేపాకు లాంటిది. దాని గుణం కూరకు వస్తుంది, అది మాత్రం విడిగానే ఉంటుంది, ఏరి పక్కన పెట్టొచ్చు. మనం కరివేపాకును పారేస్తాం, ఇక్కడ కడిగి మళ్లీ వాడతారు. ఇదేదో కొత్త వింత కాదు. ఒకప్పుడు ఇంటింటా ఉన్న వనస్పతి డబ్బా నికెల్ పొడి మహిమే. నూనెకు హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టించాక ఆ పొడిని వడగట్టేస్తారు. లోహపు పొడి మీద హైడ్రోజన్ ఎక్కించే పద్ధతికి ఫ్రాన్స్‌కు చెందిన సబాటియేకు 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. కారు సైలెన్సర్ దారిలో ఉండే కన్వర్టర్‌లోనూ ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కే దాదాపు ప్రతి పెట్రోలు కారూ ఒక చిన్న ఘన ఉత్ప్రేరకాన్ని మోసుకుంటూ పోతోందన్నమాట.

మొక్కల పనికి వాడే ఘన ఉత్ప్రేరకాలు రెండు మూడు రకాలు. లోహాలను, అంటే నికెల్, రుథీనియం, ప్లాటినం లాంటివాటిని, బొగ్గుపొడి మీదో, అల్యూమినా (అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన తెల్ల పొడి) మీదో చల్లి పెట్టినవి ఒక రకం. ఆమ్ల గుణాన్ని ఒంటికి అంటించుకున్న గట్టి పదార్థాలు ఇంకో రకం. వీటిలో జియోలైట్లు ప్రసిద్ధం. 1756లో క్రోన్‌స్టెట్ అనే స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్త ఒక రాయిని వేడిచేస్తే అది ఉడుకుతున్నట్టు ఆవిరి వదిలిందట. అందుకే గ్రీకు మాటల్లో "ఉడికే రాయి" అని పేరు పెట్టాడు. ఆ ఆవిరి వచ్చింది రాయి లోపలి సన్నని గొట్టాల నుంచి. జడ్‌ఎస్‌ఎం-5 అనే జియోలైట్‌లో ఆ గొట్టాల వెడల్పు ఒక మిల్లీమీటరులో దాదాపు 20 లక్షల వంతే. ఆ గొట్టంలో పట్టే అణువే లోపలికి పోతుంది, పట్టేదే బయటికి వస్తుంది. జల్లెడ కూడా అదే, పొయ్యి కూడా అదే.

ఇంకో రకం గురించి చెబితే గానుగ దగ్గర నవ్వుతారు. 2005లో జపాన్‌లో మిచికాజు హారా బృందం చక్కెరను 400 డిగ్రీల పైన మాడ్చి, ఆ నల్లటి బొగ్గును గంధకికామ్లంతో శుద్ధి చేసి, నీళ్లలో కరగని గట్టి ఆమ్లాన్ని తయారుచేసింది. దాంతో బయోడీజిల్ చేసి చూపించింది. మాడిన బెల్లం కూడా వృథా పోదు.

దించే సమయం

నాకు తెలిసిన ఒక పెద్దాయన గానుగ నడుపుతాడు. పాకం ఎప్పుడు దించాలో ఎలా తెలుస్తుందని అడిగితే, "నీళ్లలో యేసి చూస్తాం సామీ, ఉండ కట్టిందంటే ఇంక నిలబడకూడదు. బీడీ ఎలిగించేంతలో ముదిరిపోతాది" అన్నాడు. ఈ విషయం మీద నేను చదివిన పరిశోధన పత్రాల్లో సగం ఆ బీడీ వెలిగించే సమయం గురించినవే.

సెల్యులోజ్ విరిగి గ్లూకోజ్ అవుతుంది. 200 డిగ్రీల వేడి నీళ్లలో గ్లూకోజ్ ఊరికే కూర్చోదు. నీళ్లు వదిలేస్తుంది, ముక్కలవుతుంది, ఆ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని హ్యూమిన్లు అనే నల్లటి బంక అవుతాయి. మాడిన పాకమే అది. రియాక్టర్ గోడలకు పట్టేస్తుంది, ఉత్ప్రేరకం రంధ్రాలు మూసేస్తుంది.

మరి దించడమెలా? మొదటి ఉపాయం: గ్లూకోజ్ పుట్టీ పుట్టగానే దాన్ని మాడని రూపంలోకి మార్చేయడం. 2006లో జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో ఫుకువోకా, ఆయనతో పనిచేసిన భారతీయ శాస్త్రవేత్త పరేశ్ ధేపే కలిసి ఇదే చేశారు. సెల్యులోజ్‌ను 190 డిగ్రీల నీళ్లలో, హైడ్రోజన్ ఒత్తిడి కింద, అల్యూమినా మీద చల్లిన ప్లాటినంతో కలిపి ఉంచారు. ఇటు గొలుసు విరుగుతుంటే, అటు లోహం ప్రతి గ్లూకోజ్‌కూ హైడ్రోజన్ అంటించి సార్బిటాల్‌గా మార్చేస్తుంది. సార్బిటాల్ అంత తేలిగ్గా మాడదు. సార్బిటాల్, దాని తోబుట్టువు మానిటాల్ కలిపి సుమారు 31 శాతం దిగుబడి వచ్చింది. అంకె చిన్నదే, దారి మాత్రం కొత్తది. సార్బిటాల్ మనం రోజూ వాడేదే. పళ్ల పేస్టు ఎండిపోకుండా ఉంచేది, షుగర్‌లెస్ మిఠాయిల్లో తీపినిచ్చేది ఇదే. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో దాన్ని మొక్కజొన్న పిండి లాంటివాటి గ్లూకోజ్ నుంచి నికెల్ మీద తయారుచేస్తున్నారు. తినే గింజ బదులు తినని కాడ నుంచి తీయగలమా అన్నదే ప్రశ్న.

2008లో చైనాలోని దాలియన్‌లో జాంగ్ తావో బృందం ఇంకో అడుగు వేసింది. టంగ్‌స్టన్ కార్బైడ్, కాస్త నికెల్, బొగ్గు మీద. టంగ్‌స్టన్ గ్లూకోజ్ వెన్నెముకను రెండేసి కార్బన్ల ముక్కలుగా విరుస్తుంది, నికెల్ వెంటనే హైడ్రోజన్ అంటించి ఆ ముక్కను నిలబెడుతుంది. ఇలా సెల్యులోజ్ నుంచి 61 శాతం దాకా ఇథిలీన్ గ్లైకాల్ వచ్చింది. పాలిస్టర్ చొక్కాకూ నీళ్ల బాటిల్‌కూ కావలసిన రెండు ముడిసరుకుల్లో ఒకటి ఈ గ్లైకాలే.

రెండో ఉపాయం పుట్టినదాన్ని చోటు మార్చేయడం. ఫ్రక్టోజ్ మూడు నీటి అణువులు వదిలితే హైడ్రాక్సీ మిథైల్ ఫర్ఫ్యూరల్ వస్తుంది, పొట్టిగా హెచ్ఎంఎఫ్. పాకంలోనూ కొద్దిగా పుడుతుంది. తేనెను అతిగా కాచారా అని లేబొరేటరీలో చూసేది దీన్నే. ఉష్ణదేశాల తేనెలో కిలోకు 80 మిల్లీగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం. రసాయన పరిశ్రమకు మాత్రం హెచ్ఎంఎఫ్ బంగారం. దాన్నుంచి ఎఫ్‌డీసీఏ అనే ఆమ్లం, ఆ ఆమ్లం నుంచి పీఈఎఫ్ అనే కొత్త ప్లాస్టిక్ వస్తాయి. అయితే హెచ్ఎంఎఫ్ మహా చంచలం. నీళ్లలో ఉంచితే మళ్లీ నీళ్లు పుచ్చుకుని లెవులినిక్ ఆమ్లం, ఫార్మిక్ ఆమ్లంగా విడిపోతుంది, లేదంటే నల్ల బంక అవుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో జేమ్స్ డుమెసిక్ బృందం 2006లో నీళ్ల పైన నీళ్లతో కలవని ఇంకో ద్రవాన్ని పొరగా పెట్టింది. హెచ్ఎంఎఫ్ పుట్టగానే పై పొరలోకి ఎక్కేస్తుంది, వేడి నీళ్లలో నిలబడదు. పెనంలోంచి దించి అచ్చులో పోసినట్టే. నెదర్లాండ్స్ కంపెనీ అవాంటియం ఇంకో దారి పట్టింది. నీళ్ల బదులు మెథనాల్‌లో చర్య నడిపి, హెచ్ఎంఎఫ్ చేతికి ఒక టోపీ తొడిగినట్టు చేసి దాన్ని కదలకుండా నిలబెట్టింది. ఆ కంపెనీ ఏటా 5,000 టన్నుల ఎఫ్‌డీసీఏ తీసేలా కట్టిన ఫ్యాక్టరీని డెల్ఫ్‌జైల్‌లో 2024లో ప్రారంభించారు. పెట్రో రసాయనాల లెక్కలో 5,000 టన్నులు చాలా చిన్నది. అయినా బల్ల మీది గాజు పాత్ర నుంచి అక్కడిదాకా రావడానికి సుమారు ఇరవై ఏళ్లు పట్టిందని గుర్తుంచుకోవాలి.

తగరం మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే తగరమే. జియోలైట్ గోడలో అక్కడక్కడా సిలికాన్ పరమాణువును తీసి ఆ స్థానంలో తగరాన్ని కూర్చోబెడితే, అది నీళ్లలోనే గ్లూకోజ్‌ను ఫ్రక్టోజ్‌గా మార్చగలదని కాలిఫోర్నియాలో మార్క్ డేవిస్ బృందం 2010లో చూపించింది. అంతవరకూ ఆ పనికి ఎంజైమ్‌లే దిక్కనుకునేవాళ్లు. అదే ఏడాది డెన్మార్క్‌లో అదే రకం తగరపు జియోలైట్‌తో చక్కెరను మిథైల్ లాక్టేట్‌గా మార్చారు. లాక్టిక్ ఆమ్లం అంటే పెరుగులో పులుపు. దాన్నుంచి కంపోస్టు ప్లాంటు వేడిలో కుళ్లిపోయే రకం ప్లాస్టిక్ చేస్తారు.

లిగ్నిన్ గురించి తక్కువ చెబుతాను. నార్వేలో బోరెగార్డ్ కంపెనీ చెక్క లిగ్నిన్ నుంచి వెనిలా వాసనిచ్చే వెనిలిన్ తీస్తోంది, అది నిజమైన వ్యాపారం. మిగతాచోట్ల లిగ్నిన్ చాలావరకు బాయిలర్లోకే పోతోంది. "లిగ్నిన్ నుంచి ఏదైనా తీయొచ్చు, డబ్బులు తప్ప" అని ఆ రంగంలో పాత ఎగతాళి ఒకటుంది.

ఇంధనమా, రసాయనమా

ఇక్కడ నాకొక పట్టుదల ఉంది, చెప్పేస్తాను. జీవపదార్థం అనగానే అందరికీ ఇంధనం గుర్తొస్తుంది. చక్కెరల విషయంలో అది తెలివైన బేరం కాదని నేననుకుంటాను.

ఎండిన పిప్పి బరువులో 40 శాతానికి పైగా ఆక్సిజనే. ముడి చమురులో అది దాదాపు ఉండదు. ఇంధనం చేయాలంటే ఆ ఆక్సిజన్‌ను తీసి పారేయాలి, నీళ్లుగానో బొగ్గుపులుసు వాయువుగానో. 180 కిలోల గ్లూకోజ్‌ను పులియబెడితే, అంతా సవ్యంగా జరిగినా, 92 కిలోల ఇథనాల్ వస్తుంది. మిగతా 88 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా గాల్లోకి పోతాయి. అదే 180 కిలోలకు హైడ్రోజన్ ఎక్కించి ఇథిలీన్ గ్లైకాల్ చేస్తే, కాగితం మీది లెక్క 186 కిలోలు. ఏదీ పారేయలేదు, పైగా కొంచెం కలిసింది. గ్లైకాల్‌లో కార్బన్‌కూ ఆక్సిజన్‌కూ ఉన్న నిష్పత్తి చక్కెరలో ఉన్నదే కాబట్టి ఇది సాధ్యం. చమురు నుంచి గ్లైకాల్ చేసేవాళ్లు లేని ఆక్సిజన్‌ను వెండి ఉత్ప్రేరకం మీద తెచ్చి అంటించాలి. మొక్కలో అది ముందే ఉంది. ఉన్నదాన్ని ఊడబీకి తగలబెట్టడం ఎందుకు?

నూనెగింజల సంగతి వేరు. నూనెలో ఆక్సిజన్ తక్కువ. డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థ అడవి ఆముదం గింజల నూనెను ఉత్ప్రేరకాల మీద విమాన ఇంధనంగా మార్చింది. 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఒక విమానం దాన్ని కలిపిన ఇంధనంతో ఎగిరింది. 2022 ఆగస్టులో పానిపట్‌లో ప్రారంభమైన గడ్డి ఇథనాల్ ఫ్యాక్టరీ మాత్రం ఎంజైమ్‌ల దారి. ఎంజైమ్‌లు గోరువెచ్చని వేడిలో, తప్పు లేకుండా, నింపాదిగా పనిచేస్తాయి. ఘన ఉత్ప్రేరకాలు 200 డిగ్రీల్లో గంటల్లో తేల్చేస్తాయి, కానీ అప్పుడప్పుడూ మాడుస్తాయి.

పొడి ఎందుకు చస్తుంది

చమురు శుద్ధిలో జియోలైట్లు దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి కదా, వాటినే తెచ్చి పిప్పి మీద చల్లితే పోదా? పోదు. చమురు ద్రవం, ఆవిరవుతుంది, రంధ్రాల్లోకి తనంతట తానే పోతుంది. పిప్పి గట్టిది, ఉత్ప్రేరకమూ గట్టిదే. రెండు గులకరాళ్లను ఒకే చెంబులో వేసినట్టు ఉంటుంది. ఎక్కడ తాకితే అక్కడే పని. అందుకే ముందు పిప్పిని బంతుల మిల్లులో పిండి కొట్టాలి, కరెంటు ఖర్చు అక్కడే మొదలవుతుంది. నీళ్లు కూడా ఊరుకోవు. 200 డిగ్రీల నీటి ఒత్తిడిలో అల్యూమినా తన నిర్మాణమే మార్చుకుంటుంది, చాలా జియోలైట్ల గోడలు కూలిపోతాయి. బొగ్గు తట్టుకుంటుంది, అందుకే ఈ రంగంలో బొగ్గుకు అంత గౌరవం. మొక్క బూడిదలోని పొటాషియం, కాల్షియం ఆమ్ల స్థానాల్లో తిష్ఠ వేసి వాటిని పనికిరాకుండా చేస్తాయి. గంధకం లోహాల మీద కూర్చుంటుంది.

అన్నిటికన్నా నమ్మకద్రోహం లోహం కరిగిపోవడం. దీన్ని అర్థం చేసుకోవడానికి శ్రీకాళహస్తి పోతే చాలు. కలంకారీ నల్లరంగు కోసం అక్కడ తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో కొన్ని వారాలు నానబెడతారు. బెల్లం పులిసి ఆమ్లమవుతుంది, ఆమ్లం ఇనుమును కరిగించి నీళ్లలోకి లాగుతుంది. కరక్కాయ పట్టించిన బట్ట మీద ఆ నీళ్లతో గీస్తే నల్లగా తేలుతుంది. రియాక్టర్‌లోనూ ఇదే జరుగుతుంది. చక్కెర విరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు నికెల్‌ను మెల్లగా కరిగించి బయటికి లాగేస్తాయి. కలంకారీ కళాకారుడికి కావలసింది అదే, రసాయన ఇంజనీరుకు టెన్షన్ తెప్పించేదీ అదే. ఎందుకంటే గట్టి పొడి పనిచేస్తోందని మనం అనుకుంటూ ఉంటాం. నిజానికి కరిగిపోయిన లోహం పనిచేస్తూ ఉండొచ్చు. వడగట్టిన నీళ్లు పొడి లేకుండా కూడా చర్యను నడుపుతున్నాయా అని పరీక్షించని ఫలితాన్ని నేను నమ్మను.

మన దగ్గర వ్యర్థమేది?

చెరకు పిప్పి వ్యర్థమని పుస్తకాలంటాయి. గానుగ దగ్గర అది పొయ్యిలోకి పోతుంది. ఆరబెట్టిన పిప్పి లేకపోతే రసం ఉడకదు. వరిగడ్డిని పంజాబ్‌లో పొలంలోనే కాల్చేస్తారేమో గానీ, ఇంటింటా పాడి ఉన్న చిత్తూరు జిల్లాలో గడ్డివాము ఆస్తి. శెనక్కాయ పొట్టు బాయిలర్లకు అమ్ముడుపోతుంది. వీటిని రియాక్టర్‌కి ఇవ్వమంటే ఆ రైతు పొయ్యికీ ఆవుకూ ఏం సమాధానం చెప్పాలి?

మామిడి సంగతి వేరు. తోతాపురి సీజన్‌లో చిత్తూరు చుట్టూ గుజ్జు ఫ్యాక్టరీలకు లారీలూ ట్రాక్టర్లూ బారులు తీరతాయి. కాయ బరువులో గుజ్జు సగానికి కాస్త ఎక్కువ. మిగతాది తొక్క, టెంక. వాటిని తోలి పోసిన చోట రెండు రోజులకే పులిసిన వాసన. చిన్నప్పుడు బస్సులో ఆ చోటు దాటేటప్పుడు మా అమ్మ నా ముక్కుకి కొంగు అడ్డం పెట్టేది. ఆ వాసన ఏమిటో ఇప్పుడు తెలుసు. చక్కెరలు ఉచితంగా ఆల్కహాల్‌గా, ఆ తర్వాత పులుపుగా మారడం.

నేరుగా రియాక్టర్‌లో వేయడం మాత్రం తెలివితక్కువ పని. తొక్కలో జామ్ గట్టిపడడానికి వాడే పెక్టిన్ ఉంది. టెంక లోపలి జీడిలో కోకో వెన్నను పోలిన కొవ్వు ఉంది. యూరప్‌లో చాక్లెట్‌లో కోకో వెన్నకు తోడుగా కలపడానికి అనుమతించిన ఆరు కొవ్వుల్లో అదొకటి. ముందు వాటిని తీయాలి. ఆ తర్వాత మిగిలే పీచు, టెంక పైచిప్ప అసలు సెల్యులోజ్, లిగ్నిన్. ఉత్ప్రేరకం పని అక్కడ. పండు తొక్కలో పొటాషియం ఎక్కువ కాబట్టి కడగాలి. పచ్చి తొక్కలో మూడొంతుల దాకా నీళ్లే కాబట్టి, దూరం మోస్తే నీళ్లకే బాడుగ కట్టినట్టు. ఆ నీళ్లను ఆరబెట్టకుండానే వేడి నీళ్లలో పనిచేసే ఉత్ప్రేరకం దొరికితే అది మనకు నిజంగా కలిసొచ్చే విషయం. ఇంకో చిక్కు సీజన్. గుజ్జు ఆడేది రెండు మూడు నెలలు. ఖరీదైన ఒత్తిడి పాత్ర మిగతా తొమ్మిది నెలలు ఖాళీగా కూర్చుంటే వడ్డీ కట్టేదెవరు? 2025లో తోతాపురి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వాల్సి వచ్చింది. టెంకకు ఒక్క రూపాయి ధర పలికినా ఆ లెక్క కొంత మారేది.

తిరుపతిలో ఐఐటీ, సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్ రెండూ 2015లోనే మొదలయ్యాయి, రెండు క్యాంపస్‌లూ ఏర్పేడు వైపే ఉన్నాయి. అక్కడి నుంచి చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు రెండు గంటల దారి. రసాయన శాస్త్రం చదివే పిల్లలు జూన్‌లో ఒక్కసారి ఆ దారిన పోయి, శుద్ధమైన సెల్యులోజ్ సీసా బదులు ఒక సంచి టెంకలు తెచ్చుకుంటే బాగుంటుందని నా కోరిక. సీసాలోని సెల్యులోజ్ మీద 80 శాతం దిగుబడి ఇచ్చిన పొడి, బూడిదతో బురదతో వచ్చిన టెంక మీద ఎంత ఇస్తుందో అప్పుడు కదా తెలిసేది.

ఈ సంగతులన్నీ ఒక సాయంత్రం గానుగ పెద్దాయనకు చెప్పాను. పొయ్యి ఎగదోస్తూ ఓపిగ్గా విన్నాడు. ప్లాస్టిక్ గురించి అడగలేదు, గ్లైకాల్ గురించీ అడగలేదు.

"ఆ పొడి ఎన్ని వంటలకు వస్తాది సామీ?"

పరిశోధన పత్రాల్లో మామూలుగా ఐదారు సార్లు వాడి చూపిస్తారని చెప్పాను.

ఆయన పెనం వైపు చూశాడు. "మేం పొద్దున్నించి మాపటికి అన్ని పెనాలు దించేస్తామే. అయితే అది ఒక దినానికే సరిపాయె."